తెర మాట, తరాజు మాట

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే తోవలో తాడ్వాయి మండల కేంద్రం ఉంది. మేడారం దగ్గరి తాడ్వాయి వేరు, ఇది వేరు. వరి, మక్కజొన్న పండే పల్లెలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, శబరిమాత ఆశ్రమానికి వచ్చిపోయే భక్తులు, సర్కారు బడులు ఇక్కడి ఆనవాళ్లు. హైదరాబాదులో 1985లో తెరిచిన బిర్లా ప్లానెటేరియం ఇక్కడి పిల్లలకు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. తెర మాత్రం ఎవరికీ దూరం కాదు, ఇంట్లో టీవీగా, జేబులో ఫోనుగా ఎప్పుడూ ఎదుటే ఉంటుంది. అంతరిక్షం, కాలం, వేగం, బలం అనే మాటలకు పిల్లల మనసులో మొదటి బొమ్మ పాఠం నుంచి కాకుండా తెర నుంచే పడుతోంది. ఇది సైన్సు చదువుకు మేలా, కీడా? ఈ ప్రశ్న మీద ఇద్దరి వాదాన్ని ఇక్కడ పెడుతున్నాను. అక్క సర్కారు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే టీచరు. తమ్ముడు సినిమా అంటే ప్రాణం పెట్టేవాడు, వీడియోలు ఎడిట్ చేసేవాడు. ఇద్దరూ కల్పితులే అయినా వాళ్లు చెప్పే వాదాలు బడుల్లో, ఇళ్లలో రోజూ వినబడేవే. ఇద్దరిలో ఒకరిని గెలిపించాలని ఇది రాయలేదు. ఏ తెరనైనా, ఏ పాఠాన్నయినా ఒకే కొలబద్దతో కొలవవచ్చని నా నమ్మకం. ఆ కొలబద్ద ఏదో ఈ వాదంలోంచే తేలాలి.

తమ్ముడు: అక్కా, సైన్సు మీద ఇష్టం పుట్టించడంలో సినిమాకు సాటి వచ్చేది మన భాషలో ఇంకొకటి లేదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు ‘ఆదిత్య 369’ తీశారు. కాలయంత్రం ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కొలువుకూ, అక్కడి నుంచి రాబోయే కాలానికీ పోయే కథ అది. కాలంలో ముందుకూ వెనక్కూ పోవచ్చునేమో అన్న ఊహ ఎంతోమంది తెలుగు పిల్లలకు మొదట తగిలింది ఆ సినిమాలోనే. 2018లో ‘అంతరిక్షం’ వచ్చింది, 2024లో ‘కల్కి 2898 ఏడీ’ వచ్చింది. బయటి సినిమాల సంగతి చూస్తే, 2014 నాటి ‘ఇంటర్‌స్టెల్లర్’ కోసం కిప్ థార్న్ అనే భౌతికశాస్త్రవేత్త సమీకరణాలు రాసిచ్చాడు. గ్రాఫిక్స్ బృందం ఆ సమీకరణాలతోనే కృష్ణబిలం బొమ్మ గీసింది. ఆ పని మీద వాళ్లంతా కలిసి 2015లో పరిశోధన పత్రం కూడా అచ్చు వేశారు. థార్న్‌కు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. తాడ్వాయి బడిలో ఏ టెలిస్కోపూ, ఏ సుద్దముక్కా చూపించలేని దాన్ని తెర చూపించింది. చూసిన పిల్లకు ‘ఇది నిజమేనా’ అని అడగబుద్ధి అవుతుంది. చదువు అక్కడే మొదలవుతుంది కదా.

అసలు సినిమా పుట్టిందే సైన్సు ఇంట్లో. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి జూల్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరుకు వచ్చాడు. సూర్యుని అంచున ఎగిసే జ్వాలల కాంతిని వర్ణపటంగా విడదీసి చూశాడు. గ్రహణం లేనప్పుడు కూడా ఆ జ్వాలలను చూసే పద్ధతిని మర్నాడే పట్టుకున్నాడు. హీలియం ఉనికి బయటపడిన దారి అదే. ఆ జాన్సెనే 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని క్షణం క్షణం పట్టుకోవాలని తుపాకీ గుండ్ల చక్రంలా తిరిగే కెమెరా తయారు చేశాడు. వరసగా బొమ్మలు తీసే యంత్రాల్లో అది తొలి తరానిది. నాలుగేళ్లకు, 1878లో, అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ పరుగెత్తే గుర్రాన్ని వరస కెమెరాలతో తీసి, ఒక క్షణంలో దాని నాలుగు గిట్టలూ నేలను వదులుతాయని చూపించాడు. మన దేశంలో ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ తీయడానికి ముందు, 1912లో, బఠానీ గింజ మొలకెత్తడాన్ని రోజుకు కొంత చొప్పున తీసి, నెలకు పైగా సాగిన ఎదుగుదలను నిమిషాల్లో కళ్లకు కట్టాడు. ఇట్లాంటి పుట్టుక ఉన్న సినిమాను సైన్సుకు శత్రువు అంటే ఎట్లా ఒప్పుకోవాలి?

అక్క: తమ్మీ, నువ్వు చెప్పిన ముగ్గురినీ ఒకసారి మళ్లీ చూడు. జాన్సెన్, మైబ్రిడ్జ్, బఠానీ గింజ తీసిన ఫాల్కే, ముగ్గురూ కెమెరాను కొలపాత్రగా వాడారు. ఎన్ని క్షణాలకు ఒక బొమ్మ తీశారో వాళ్లకు తెలుసు, చూసేవాళ్లకూ చెప్పారు. గుర్రం గిట్టలు నేల మీదే ఉంటాయని నమ్మేవాడు ఆ బొమ్మలు చూసి తన మాట మార్చుకోవలసిందే. కథాచిత్రంలో కెమెరా చేసే పని వేరు. అక్కడ ఏం జరగాలో దర్శకుడు ముందే అనుకుంటాడు, కెమెరా దానికి సాక్ష్యం పలుకుతుంది. హీరో ఒక్క తన్ను తంతే ఎనభై కిలోల మనిషి సెకనుకు పది మీటర్ల వేగంతో వెనక్కి ఎగిరిపడతాడు. అంతే తోపు హీరో మీద కూడా వెనక్కి పడాలని తొమ్మిదో తరగతి పాఠమే చెబుతుంది. అతని కాలి కింద నేలకున్న పట్టు అంత తోపును ఒక్క క్షణంలో ఆపలేదు. అయినా తెర మీద హీరో అంగుళం కదలడు. అంతరిక్షంలో గాలి లేకపోయినా ఓడలు పేలిన మోత హాలంతా వినబడుతుంది. పిల్లలు వందసార్లు చూసింది ఇదీ, పుస్తకంలో ఒక్కసారి చదివింది న్యూటన్ మూడో సూత్రమూ. రెండింటిలో ఏది మనసులో నాటుకుంటుందో నువ్వే చెప్పు.

నువ్వు మెచ్చుకున్న ‘ఇంటర్‌స్టెల్లర్’నే తీసుకుందాం. కృష్ణబిలం చుట్టూ తిరిగే వేడి వాయువులో మన వైపు దూసుకొచ్చే పక్క ఎక్కువ వెలుగుతో, దూరంగా పోయే పక్క మసకగా కనబడాలి. థార్న్ సమీకరణాలు చెప్పిందీ అదే. అట్లా గీస్తే చూసేవాళ్లు తికమక పడతారని సినిమాలో ఆ తేడాను తీసేసి, రెండు పక్కలా ఇంచుమించు ఒకే వెలుగు పెట్టారు. ఈ సంగతిని ఆ బృందం తన పత్రంలో దాచకుండా రాసింది. 2019 ఏప్రిల్‌లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోపు శాస్త్రవేత్తలు ఎం87 గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణబిలం బొమ్మను మొదటిసారి లోకానికి చూపించారు. అందులో ఉంగరం ఒక వైపు బాగా వెలుగుతూ, మరో వైపు మసకబారి ఉంది. సినిమా దేన్ని తీసేసిందో నిజం దాన్నే ముందు చూపించింది. నోబెల్ పొందిన శాస్త్రవేత్త పక్కన కూర్చున్న సినిమాలోనే ఇట్లా జరిగితే, ఎవరూ పక్కన లేని సినిమాల సంగతి వేరే చెప్పాలా? ప్రేక్షకుడికి ఇబ్బంది కలిగించేదాన్ని తీసేయడం సినిమాకు ధర్మం కావచ్చు. సైన్సు చదువు మాత్రం మనకు ఇబ్బంది కలిగించే చోటనే మొదలవుతుంది.

తమ్ముడు: అక్కా, మీరు చెప్పిన తప్పులను నేను కాదనను. కాని ఇప్పుడు మీరు ఏం చేశారో గమనించారా? సినిమాలో ఏముంది, పత్రంలో ఏముంది, టెలిస్కోపు ఏం చూపించింది అని మూడింటినీ పక్కపక్కన పెట్టి తూచారు. ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది? సినిమా లేకపోతే ఈ పాఠం ఎక్కడ మొదలయ్యేది? అమెరికాలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో సినిమా దృశ్యాల్లోని తప్పొప్పులను లెక్కలు కట్టి తేల్చడమే పాఠంగా ఒక భౌతికశాస్త్ర కోర్సు నడిపారు. సినిమా తప్పు చెబితే ఆ తప్పును పట్టడమే లెక్క అవుతుంది. తన్ను తిన్న మనిషి ఎంత దూరం పడ్డాడు, ఎంతసేపు గాలిలో ఉన్నాడు, అతని వేగం ఎంత అని పిల్లలు లెక్క కడితే న్యూటన్ సూత్రం నోటికి రావడమే కాదు, చేతికీ వస్తుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. మీరు తెరను నిలదీస్తున్నారు, బడిని నిలదీయడం లేదు. మన పదో తరగతి విధానంలో రాత పరీక్షకు 80 మార్కులు, అంతర్గత మూల్యాంకనానికి 20 మార్కులు అని పెట్టారు. ప్రాజెక్టులు, పరిశీలనలు, రాత పనులు, లఘు పరీక్షలు ఈ 20 కిందికి వస్తాయి. పిల్లలు చేసి చూడాలన్నది దాని ఉద్దేశం. చాలా బడుల్లో ఆ రికార్డులు ఒకరి నోటుబుక్కు నుంచి ఇంకొకరి నోటుబుక్కులోకి ఎక్కుతున్నాయని అందరికీ తెలిసిందే. 2024 నవంబరులో ఈ 20 మార్కులు తీసేసి నూరు మార్కులకూ రాత పరీక్షే పెట్టాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి, ఆ ఏడాదికి మళ్లీ వాయిదా వేసింది. ‘ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం’ అని బట్టీ పట్టి రాసిన ప్రయోగానికీ, హీరో తన్నుకూ తేడా ఏమిటి? రెండింటిలోనూ ఫలితం ముందే రాసిపెట్టి ఉంది. రెండింటినీ పిల్ల నమ్మాలే తప్ప తేల్చుకునే వీలు లేదు.

అక్క: ఇది గట్టి మాట, తమ్మీ. దీన్ని దాటవేయను. నా వాదాన్నే దీనికి తగ్గట్టు సరిచేసుకుంటాను. తగువు తెరకూ నల్లబల్లకూ మధ్య లేదు. పిల్ల తనంతట తాను సరిచూడగలిగే మాట ఒకటి, ఊరకే ఒప్పుకోవలసిన మాట ఒకటి. అసలు గీత ఈ రెండింటి మధ్య ఉంది. ఆ గీత మీద పెడితే సినిమా ఒక్కోసారి ఇటు పడుతుంది, పాఠ్యపుస్తకం చాలాసార్లు అటు పడుతుంది. నేను బల్ల మీద రాసి ‘ఇది ఇంతే’ అంటే నా పాఠం కూడా సినిమాయే, అందులో పాటలు మాత్రం ఉండవు. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్ల ద్వారా పాఠాలు చెప్పారు. బడులు మూతపడిన రోజుల్లో అది చాలా అవసరమైన పని. పాఠం ఊరూరికీ చేరింది, మంచి టీచర్లు మంచిగా చెప్పారు. అయినా టీవీ ముందు కూర్చున్న పిల్ల ‘సార్, నాకు అట్లా రాలేదు’ అని చెప్పే దారి ఆ తెరలో లేదు. పరిశోధనలోనైనా, బోధనలోనైనా, సైన్సు నడిచేది ఆ ఒక్క వాక్యం మీద. నాకు అట్లా రాలేదు, ఎందుకు రాలేదో చూద్దాం అనడం మీద.

ఇది వట్టి మాట కాదనడానికి సాక్ష్యం ఉంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 పల్లె బడుల్లో ఒక కార్యక్రమం మొదలైంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు తక్కువ ఖర్చు సామానుతో తామే ప్రయోగం చేసి, తమ ఫలితాన్ని తామే రాసి, తేడాలు వస్తే తరగతిలో వాదించుకునేవాళ్లు. వాళ్ల పుస్తకంలో ప్రశ్నలు ఉండేవి, జవాబులు ఉండేవి కావు. పరీక్షలో పుస్తకం తెరుచుకుని రాయనిచ్చేవాళ్లు. 1978లో అది జిల్లా అంతటికీ పాకింది, తర్వాత ఏకలవ్య సంస్థ దాన్ని ముందుకు నడిపింది. ఖరీదైన ప్రయోగశాల లేని సర్కారు బడుల్లో, పల్లె టీచర్లతో, ముప్పై ఏళ్లు నడిచింది. మన దగ్గర 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక, అది తెచ్చే చెకుముకి పత్రిక ఇదే నమ్మకంతో ఊళ్లలోకి వెళ్లాయి. తాడ్వాయి లాంటి చోట్లలో చేసి నేర్చుకోవడం కుదరదనేవాళ్లకు ఆ ముప్పై ఏళ్లే జవాబు.

తమ్ముడు: ఆ కార్యక్రమం 2002లో ఆగిపోయింది కదా అక్కా. ప్రభుత్వమే ఆపేసింది. మంచిదైతే ఎందుకు నిలవలేదు? ఇక్కడ నలభై అయిదు నిమిషాల పీరియడు, కుప్పలుగా సిలబస్, పైన ఎప్‌సెట్, నీట్ భయం. తల్లిదండ్రులు మార్కులు అడుగుతారు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. పాఠం అర్థం చేసుకోవడానికే సగం బలం పోతున్న పిల్లకు ప్రయోగం చేసి, విఫలమై, మళ్లీ చేసే తీరిక ఎక్కడిది? అయిదు నిమిషాల మంచి వీడియో వేస్తే పాఠం అర్థమవుతుంది. ఉన్నదాంతో గట్టెక్కాలి కదా.

అక్క: ఆగిపోవడం నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. ఎనిమిదో తరగతి దాకా చేసి నేర్చుకున్న పిల్లలు ఆ పైన మళ్లీ పాత తీరు పరీక్షలకే కూర్చోవాల్సి వచ్చింది. చదువు ఒక దారిన, పరీక్ష ఇంకో దారిన పోతే గెలిచేది పరీక్షే. అందుకే ఆ 20 మార్కుల సంగతి చిన్నది కాదు. రికార్డులు కాపీ అవుతున్నాయని వాటిని తీసేస్తే, చేసి చూసినదానికి విలువ ఇచ్చే ఒక్క చోటు కూడా పోతుంది. కాపీ కొట్టడానికి వీల్లేని పని ఇస్తే ఆ జబ్బు దానంతటదే తగ్గుతుంది. ప్రతి పిల్లా తన ఇంటి దగ్గర తాను కొలిచిన కొలతనే తెమ్మంటే ఇద్దరి రికార్డులు ఒక్కలాగా ఎట్లా ఉంటాయి? తీరిక గురించి అడిగావు. పాఠానికి పది ప్రయోగాలు అక్కర్లేదు, ఒక్కటి చాలు. కాని ఆ ఒక్కదాని ఫలితం ముందే తెలియకూడదు. అయిదు నిమిషాల వీడియోతో పాఠం అర్థమైనట్టు అనిపిస్తుంది. నిజంగా అర్థమైందా లేదా అన్నది, వీడియోలో లేని ప్రశ్న అడిగినప్పుడు తెలుస్తుంది. మీడియం సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. తాను చేతితో చేసి చూసినదాన్ని పిల్ల ముందు తన ఇంటి మాటల్లో చెబుతుంది, ఆ మాటల మీద ఇంగ్లీషు పదం నిలబడుతుంది. చూడనిదానికి పేరు ఏ భాషలో నేర్పినా అది బట్టీయే.

తమ్ముడు: అట్లయితే మీ కొలబద్దనే తీసుకుంటాను, దాంతోనే నా తెరను కాపాడుకుంటాను. మీరు భయపడుతున్న ఫోనే ఇప్పుడు ఊళ్లోకి వచ్చిన అతి పెద్ద ప్రయోగశాల. సాదా ఫోను కెమెరా సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. ఒక స్కేలు గీతలు గీసిన గోడ ముందు బంతిని వదిలి వీడియో తీయండి. ఆ వీడియోను ఒక్కో బొమ్మగా ఆపి చూడండి. అయిదు బొమ్మలకు బంతి సుమారు 14 సెంటీమీటర్లు, పది బొమ్మలకు 54, పదిహేను బొమ్మలకు 122 సెంటీమీటర్లు కిందికి పడుతుంది. ఒకటి, నాలుగు, తొమ్మిది అనే వరస కనబడుతుంది. కాలం రెండింతలైతే దూరం నాలుగింతలవుతుందన్న గెలీలియో మాటను తాడ్వాయి పిల్ల తన కళ్లతో తేల్చుకుంటుంది. ఫోనులో మైకు ఉంది, కదలికను పట్టే సెన్సార్ ఉంది. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్లు వాటిని కొలత పరికరాలుగా మార్చే ఫైఫాక్స్ అనే యాప్‌ను 2016 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. ఫాల్కే నెల రోజులు తీసిన బఠానీ లాగానే మన మక్కగింజ మొలకను రోజుకు ఒక్క బొమ్మ చొప్పున ఒక్క ఫోనుతో తీయవచ్చు. పిల్లలందరికీ ఫోన్లు అక్కర్లేదు, టీచరు ఫోను ఒక్కటి చాలు. తెర తానే తరాజు అయినప్పుడు తెర మీద మీ ఫిర్యాదు ఏమిటి?

అక్క: దీన్ని మనసారా ఒప్పుకుంటాను. ఇదే జాన్సెన్ దారి. తెర ముందు కూర్చోవడం ఆపి, తెర వెనకకు పోయి బొమ్మ తీసినప్పుడు పిల్ల ప్రేక్షకురాలిగా కాకుండా పరిశీలకురాలిగా మారుతుంది. ఇట్లా కొలవడం ఎక్కడ అక్కరకొస్తుందో మన జిల్లానే చూపిస్తుంది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాలో కుండపోత వానలు కురిశాయి. ఆర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడిందని నమోదైంది. ఆ రోజుల్లో మునిగిన తోవలు, కొట్టుకుపోయిన కట్టల వీడియోలు ఫోను ఫోనుకూ చేరాయి. వాటిని చూసి అందరూ భయపడ్డారు. అది ఎంత వాన అన్నది మాత్రం ఏ వీడియో చెప్పలేదు, వర్షమాపకం చెప్పింది. నలభై సెంటీమీటర్ల వాన అంటే ఒక ఎకరం మీద సుమారు 16 లక్షల లీటర్ల నీళ్లు. ఈ గుణకారం చేసిన పిల్లకు చెరువు కట్టకు ఎందుకు గండి పడుతుందో, అలుగు ఎంత వెడల్పు ఉండాలో అడగడం వస్తుంది. అంచులు నిటారుగా ఉన్న ఒక డబ్బా, ఒక స్కేలు ఉంటే ఏ బడి అయినా తన వానను తాను కొలుచుకోవచ్చు. పక్క ఊరి బడి కొలతతో పోల్చి చూసుకోవచ్చు. సర్కారు ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం లెక్కతో సరిచూసుకోవచ్చు. తేడా వస్తే ఎందుకు వచ్చిందని అడగవచ్చు. ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఏ గైడులోనూ దొరకదు.

ఇంకొకటి, ఇప్పుడు తెర మీద కనబడిందంటే జరిగిందని నమ్మే రోజులు పోయాయి. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని ఇంకొకరి వీడియోకు అతికించి వదిలితే దేశమంతా ఉలిక్కిపడింది. అప్పటి నుంచి ఆ పని చేసే యంత్రాలు ఇంకా తేలికయ్యాయి, అందరి చేతికీ వచ్చాయి. రేపు ఏదో చెరువు తెగిందని లేని వీడియో వస్తే, ఊరంతా పరుగులు తీయకుండా ఆపేది ‘ఎవరు కొలిచారు, ఎక్కడ కొలిచారు’ అని అడిగే అలవాటే. కాబట్టి సైన్సు చదువు ఇంజనీరింగ్ సీటు కోసమే అనుకోవద్దు. మన రాజ్యాంగంలో 1976లో చేర్చిన పౌరుల ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం కూడా ఒకటి. అది పరీక్షలో రాసే జవాబుగా మిగిలితే ఆ విధి నెరవేరదు.

తమ్ముడు: ఒక అడ్డు ఇంకా మిగిలింది అక్కా. అన్నింటినీ పిల్ల సరిచూడలేదు. పరమాణువును ఎట్లా కొలుస్తుంది? కోట్ల ఏళ్ల పరిణామాన్ని ఎట్లా చూస్తుంది? కృష్ణబిలం దగ్గర ఒక గంట మనకు ఏడేళ్లవుతుందని ‘ఇంటర్‌స్టెల్లర్’ చెబుతుంది. దాన్ని తాడ్వాయిలో ఎవరు తేల్చగలరు? మీ కొలబద్ద గట్టిగా పట్టుకుంటే సైన్సులో సగం నమ్మకం కిందికే పోతుంది. అక్కడ సినిమాకూ పాఠానికీ తేడా మళ్లీ చెరిగిపోతుంది.

అక్క: చెరిగిపోదు, తమ్మీ. పిల్ల తానే చూడలేనిదాన్ని ఇతరులు ఎట్లా చూశారో అడగవచ్చు. ఆ ప్రశ్నకు సైన్సు జవాబు ఇస్తుంది, కథ ఇవ్వదు. ఎం87 బొమ్మనే తీసుకో. లెక్కలు కట్టడానికి నాలుగు బృందాలుగా విడిపోయారు, ఒకరి బొమ్మ ఇంకొకరికి చూపించకుండా ఎవరికి వారే తయారు చేశారు, చివరకు పోల్చి చూసుకున్నారు. నలుగురికీ ఉంగరమే వచ్చింది. గుంటూరులో జాన్సెన్ పట్టుకున్న పద్ధతినే ఇంగ్లండులో లాక్యర్ అనే శాస్త్రవేత్త విడిగా కనుక్కున్నాడు. ఒకరి మాట ఇంకొకరు వినకుండా ఒకే చోటికి చేరడం, అదీ సాక్ష్యం. గంటకూ ఏడేళ్లకూ తేడా మనం చూడలేం. కాని గురుత్వం వల్ల, వేగం వల్ల కాలం నడక మారుతుందన్న ఆ సిద్ధాంతమే మన ఫోనులోని జీపీఎస్‌లో పనిచేస్తోంది. ఉపగ్రహంలోని గడియారం నేల మీది గడియారం కన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. దాన్ని సరిచేయకుండా వదిలేస్తే దారి చూపించే మ్యాప్‌లో ఒక్క రోజులోనే పది కిలోమీటర్లకు పైగా తప్పు పేరుకుంటుంది. తాడ్వాయి నుంచి లింగంపేటకు దారి సరిగ్గా చూపిస్తున్న ఫోనే ఆ సిద్ధాంతానికి రోజువారీ పరీక్ష. కాబట్టి ప్రతి పాఠం దగ్గరా పిల్ల అడగాల్సినవి మూడు ప్రశ్నలు. ఎవరు చూశారు? ఎట్లా చూశారు? ఏది కనబడి ఉంటే ఈ మాట తప్పని తేలేది? మూడో ప్రశ్నకు జవాబు లేని మాటను నేను చెప్పినా, తెర చెప్పినా, పుస్తకం చెప్పినా పక్కన పెట్టాలి.

తమ్ముడు: ఈ మూడు ప్రశ్నలతో సినిమా ఆనందం చస్తుందేమోనని నాకు భయం. ‘మాయాబజార్’ చూస్తూ ఘటోత్కచుడి లడ్డూలు తమంతట తాము నోట్లోకి ఎట్లా పోతున్నాయని లెక్క కట్టుకుంటూ కూర్చుంటే ఇంకేం చూస్తాం?

అక్క: చావదు. 1957 నుంచి ఇప్పటిదాకా ‘మాయాబజార్’ చూస్తున్నవాళ్లలో చాలామందికి అందులోని వెన్నెల మార్కస్ బార్ట్‌లే కెమెరా పనితనమని తెలుసు. తెలిసినందువల్ల ఆనందం తగ్గలేదు, ఆయన మీద గౌరవం పెరిగింది. కథ కథగానే ఉండాలి, దాన్ని సరిదిద్దమని నేను అనను. ఘటోత్కచుడు న్యూటన్‌కు లొంగనక్కర్లేదు. నేను అడిగేది ఒక్కటే. తరగతి గది సినిమాహాలు కాకూడదు. సైన్సును గౌరవంగా చూపించిన సినిమా కావాలంటే మనకే ఉంది. 2019లో వచ్చిన ‘మల్లేశం’ చూడు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో ఆరో తరగతితో చదువు ఆపిన చింతకింది మల్లేశం, చీర నేతకు పోగులు సిద్ధం చేసే ఆసు పోయడంలో వేలసార్లు చేయి ఆడించే తల్లి భుజం నొప్పి చూడలేక యంత్రం తయారు చేయాలనుకున్నాడు. 1992లో మొదలుపెట్టి 1999కి గాని పూర్తి చేయలేకపోయాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. యంత్రానికి తల్లి పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడేళ్లలో ఆయన పనికి తీర్పు చెప్పింది ఎవరి మెప్పూ కాదు, పోగు తెగిందా నిలిచిందా అన్నదే. దారం అబద్ధం చెప్పదు. సినిమా ఆ ఏడేళ్లను రెండు గంటలకు కుదించింది, అది సినిమాకు తప్పదు. పిల్లలకు ఆ సినిమా చూపించు, నేను వద్దనను. చూపించాక ఆ రెండు గంటల్లో కనబడని ఏడేళ్ల గురించి కూడా అడగాలి.

తమ్ముడు: నేను మాత్రం సినిమాతోనే మొదలుపెట్టాలంటాను. మీరు వస్తువుతో మొదలుపెట్టాలంటారు. అక్కడ మన దారులు వేరే. పాఠం ఎక్కడ ముగియాలన్నది ఇద్దరికీ ఒక్కటే అయింది.

ఆ మిగిలిన తేడాను నేను చెరిపివేయను. ఏ పిల్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తరగతిలో ఉన్న టీచరుకే తెలుస్తుంది. ఒకరికి కృష్ణబిలం బొమ్మ, ఒకరికి మక్క మొలక, ఒకరికి అమ్మ భుజం నొప్పి ప్రశ్న పుట్టించవచ్చు. కాని పాఠం ముగిసే చోటు గురించి వాదనకు తావు లేదనుకుంటాను. సాంకేతికత వచ్చింది కాబట్టి చదువు బాగుపడుతుందనే ఆశా, సినిమా చెడగొడుతుందనే భయమూ ఒకే తప్పు మీద నిలబడ్డాయి. రెండూ పనిముట్టును చూసి తీర్పు చెబుతున్నాయి, దాంతో పిల్ల ఏం చేస్తోందో చూడడం లేదు. టీశాట్ పాఠమైనా, థియేటర్ సినిమా అయినా, నల్లబల్ల అయినా, రేపు యంత్రమే రాసిచ్చే జవాబైనా, ‘ఇది తప్పని ఎట్లా తేల్చవచ్చు’ అని పిల్ల అడిగి, చేతనైనంత మేరకు తానే కొలిచి చూసే వీలు ఇస్తే అది సైన్సు చదువు. ఇవ్వకపోతే ఎంత అందంగా ఉన్నా అది చదువు కాదు. దీనికి పెద్ద బడ్జెట్లు అక్కర్లేదు. అంతర్గత మార్కుల్లో కొన్నింటిని పిల్ల సొంతంగా కొలిచిన కొలతకే ఇవ్వాలి. వచ్చిన అంకె పుస్తకంలోని అంకెతో కలవకపోయినా, ఎందుకు కలవలేదో నిజాయితీగా రాసిన పిల్లకు పూర్తి మార్కులు రావాలి. తాడ్వాయి బడిలో ఒక్క ఏడాది ఇది నిజాయితీగా జరిగితే, ఆ పిల్లలు ఏ సినిమా చూసినా, ఏ వీడియో చూసినా నష్టం లేదు. తూచే అలవాటు అప్పటికే వాళ్లదై ఉంటుంది.